హెచ్చరిక: ప్రార్థన, పాట, మాంసాహారం, మిఠాయి

శనివారం పొద్దున ఏడున్నరకి కిరణ్ పాల్ దగ్గర ఒక చక్కని పథకం ఉంది. అందులో పనులు మూడే. అపార్ట్‌మెంట్ ఈమెయిల్ గ్రూపులో అందరినీ రేపు భోజనానికి పిలవాలి. క్యాటరింగ్ శ్రీనివాసరావుకి ఫోన్ చేసి చికెన్ బిర్యానీ అరవై మందికి ఖాయం చెయ్యాలి. పది గంటలకల్లా ఆఫీసులో ఉండాలి. ఎందుకంటే బందు రోజుల్లో పోయిన పనిని శనివారాలు చేసి పూడ్చుకోమని కంపెనీ చెప్పింది.

అది ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఆర్టీసీ బస్సు రోడ్డెక్కి నెలవుతోంది. బడులకు తాళాలు. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. అయినా పుప్పాలగూడలోని సిరివెన్నెల రెసిడెన్సీ, బ్లాక్ బి, నలభై ఎనిమిది ఇళ్ళు ప్రశాంతంగానే ఉన్నాయి. కిరణ్ పాల్ గుండె ఒక్కటే ప్రశాంతంగా లేదు. దానికి కారణం హాల్లో సోఫా మీద కూర్చుని పేపరు చదువుతోంది.

ఆ కారణం పేరు జ్ఞానప్రకాశం. కిరణ్ పాల్‌కి పిల్లనిచ్చిన మామ. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. మనవరాలు ప్రిస్కిల్లా మొదటి పుట్టినరోజుకని శుక్రవారం సాయంత్రం గుంటూరు నుంచి దిగి, మంచినీళ్ళు తాగకముందే లెక్క తేల్చేశారు.

"చూడు కిరణ్, పేపరు తీస్తే బందు, టీవీ పెడితే ధర్నా. పక్కింటివాడు పలకరిస్తాడో లేదో తెలియని చోట ఆడపిల్లనీ పసిపిల్లనీ పెట్టుకుని ఎలా ఉంటావయ్యా?"

"అందరం బాగానే ఉంటున్నాం మావయ్య గారూ."

"అలాగా. అయితే ఆదివారం పాప పుట్టినరోజుకి మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు పది ఇళ్ళ నుంచి వస్తే నేనొక్కణ్ణే వెనక్కి వెళ్తాను. రాకపోతే అమ్మాయి, పాప నాతో గుంటూరు వస్తారు. గొడవలు సర్దుకున్నాక పంపిస్తాను."

గచ్చిబౌలి ఆసుపత్రిలో నర్సుగా చేసే బ్లెస్సీకి గుంటూరు వెళ్ళడం సుతరామూ ఇష్టం లేదు. కానీ తండ్రి మాటకి ఎదురు చెప్పడం అంతకన్నా అలవాటు లేదు. భర్తని వంటింట్లోకి లాక్కెళ్ళి ఒక్క మాటే చెప్పింది. "పది ఇళ్ళు. ఎలా తెస్తారో మీ ఇష్టం."

పిలవడం ఎంతసేపు? ఒక్క మెయిల్. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ గ్రూపుకి మోడరేటర్ కిరణ్ పాలే. ఆ గ్రూపులో ఒక నియమం ఉంది. దాన్ని పుట్టించింది కూడా కిరణ్ పాలే.

మూడు నెలల కిందట నాలుగో అంతస్తు పెంటయ్య ఒక ఫొటో పెట్టాడు. ఊరేగింపులో లాఠీ దెబ్బ తిన్న కుర్రాడి తల, రక్తంతో. పొద్దున్నే కాఫీ తాగుతూ అది తెరిచిన కింది ఇంటి పద్మావతమ్మ చేతిలో గ్లాసు జారి పాదం కాలింది. ఆవిడ భర్త సుబ్బరాయుడు, కడప నుంచి వచ్చి ఇక్కడ ప్లాట్ల వ్యాపారం చేసే మనిషి, గ్రూపులోనే గర్జించాడు. "ముందు ఒక్క మాట చెప్పి పెట్టకూడదా అప్పా?" సర్కారు బడిలో టీచరైన పెంటయ్య ఊరుకుంటాడా? "దెబ్బలు తినేటోనికి ఎవలన్న ముందుగాల చెప్పిండ్రా?" అని అడిగాడు. రెండు రోజుల్లో నూట పన్నెండు మెయిళ్ళు. లిఫ్టులో ఎదురుపడితే ఒకరు మెట్లెక్కడం మొదలైంది.

కిరణ్ పాల్ వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఏ వస్తువు చూసినా అది ఎక్కడ చెడిపోతుందో ముందే రాసిపెట్టడం అతని ఉద్యోగం. ఆ అలవాటుతోనే ఒక నియమం రాశాడు. మనసు నొప్పించే సంగతి ఏదైనా ఉంటే మెయిల్ హెడ్డింగ్‌లో 'హెచ్చరిక' అని రాసి, అదేమిటో ఒక్క ముక్కలో చెప్పాలి. అలాంటి మెయిళ్ళన్నీ వాటంతటవే ఒక పక్క ఫోల్డర్‌లోకి పోతాయి. ఇష్టమైనవాళ్ళు తెరుస్తారు, లేనివాళ్ళు తెరవరు. రెండు ఆదివారాలు నలభై ఎనిమిది ఇళ్ళకీ తిరిగి, ముప్పై తొమ్మిది టీలు తాగి, ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ ఏర్పాటు తనే చేసిపెట్టాడు.

గొడవ సద్దుమణిగింది. కానీ నియమం పెరగడం మొదలుపెట్టింది. ఎవరో చేపల పులుసు ఫొటో పెడితే మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ సంస్కృతం లెక్చరర్ రాజరాజేశ్వరి గారు 'మాంసాహారం' చేర్చమన్నారు. షుగరున్న లక్ష్మీనారాయణ గారు జిలేబీ బొమ్మ చూసి తట్టుకోలేక 'మిఠాయి' చేర్చమన్నారు. ఇంకెవరో 'పాట', మరెవరో 'పెద్ద శబ్దం'. ఇప్పటికి పదకొండు హెచ్చరికలు. నియమావళి నాలుగో కూర్పులో ఉంది.

నియమం రాసినవాడే నియమం తప్పకూడదు కదా. కిరణ్ పాల్ పిలుపు రాసుకుని, ఒక్కో వాక్యాన్నీ పరీక్షకు పెట్టాడు. భోజనానికి ముందు ప్రార్థన ఉంది. 'ప్రార్థన'. చర్చి పిల్లలు గిటారు తెస్తారు. 'పాట'. బిర్యానీ. 'మాంసాహారం'. కేకు. 'మిఠాయి'. బెలూన్లు పేలవచ్చు. 'పెద్ద శబ్దం'. చివర్లో సరదాగా 'బస్సులు నడవకపోయినా డాబా దాకా మెట్లెక్కితే చాలు' అని రాశాడు. దాంతో 'సమ్మె', 'రాజకీయం' కూడా వచ్చి చేరాయి. ఏడు హెచ్చరికలు. పిలుపు కన్నా హెడ్డింగ్ పొడుగైంది. తృప్తిగా మీట నొక్కాడు.

భుజం మీదుగా చూస్తున్న బ్లెస్సీ అడిగింది. "ఇది పిలుపా అండీ, మందు సీసా మీద చీటీనా?"

"నియమం నియమమే."

"సరే. ఇప్పుడీ మెయిల్ ఎక్కడికి వెళ్తుంది?"

"అందరికీ."

"అందరి దగ్గరా, ఎక్కడికి?"

కిరణ్ పాల్ మళ్ళీ తెర వైపు చూశాడు. నలభై ఎనిమిది కంప్యూటర్లలో, తన చేత్తో తనే తయారుచేసిన నలభై ఎనిమిది పక్క ఫోల్డర్లు కళ్ళ ముందు మెదిలాయి. తెరవకూడనివన్నీ పడేసే గోతులు. పాప పుట్టినరోజు వాటిలోకి వెళ్ళి పడింది.

"వెళ్ళి తలుపులు కొట్టండి!" అంది బ్లెస్సీ.

కొట్టాడు. ఎనిమిది ఇళ్ళకి ఎనిమిది తాళాలు. ఊరంతా శనివారాలు పనిచేసి బందుల బాకీ తీర్చుకుంటోంది. తొమ్మిదో తలుపు దగ్గర ఉండగా కింద కంపెనీ బస్సు హారన్ మోగింది.

మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా క్యాటరింగ్ శ్రీనివాసరావు ఫోన్ చేశాడు. "సార్, రేపు మీ పుప్పాలగూడ చౌరస్తాలో వంటావార్పు అంటండీ. రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి అక్కడే వండుకుని అక్కడే తింటారు. నా వ్యాను దాటదండీ. నన్ను క్షమించాలండీ."

పిలుపు ఎవరూ చూడలేదు. తిండి రాదు. టెస్టర్ బుర్ర ఈ రెండింటినీ కలిపి సరళమైన నిర్ణయానికి వచ్చింది. వాయిదా. ఈసారి తప్పు చెయ్యదలచుకోలేదు. 'రేపటి కార్యక్రమం వచ్చే ఆదివారానికి మారింది' అని ఒక్క వాక్యం రాశాడు. పదకొండు హెచ్చరికల్లో ఒక్కటీ వర్తించదని రెండుసార్లు సరిచూసుకున్నాడు. అందరి కళ్ళ ముందూ పడాలని హెడ్డింగ్‌లో ఏ హెచ్చరికా లేకుండా పంపాడు.

సాయంత్రం సంగతి చెబితే జ్ఞానప్రకాశం గారు కోప్పడలేదు. అందుకే కిరణ్ పాల్‌కి భయం వేసింది. కళ్ళజోడు తుడుచుకుని, "సోమవారం పొద్దున బండికి మూడు టిక్కెట్లు చూడు. పాపకి అక్కర్లేదు కాబట్టి రెండు చాలు," అన్నారు. బ్లెస్సీ అటక మీది సూట్‌కేసు దింపింది. ప్రిస్కిల్లా అందులోకెక్కి కూర్చుని చప్పట్లు కొట్టింది.

ఆదివారం పన్నెండూ ఇరవై. కిరణ్ పాల్ లుంగీలో, గడ్డంతో, దిగులుతో ఉన్నాడు. బెల్ మోగింది.

తలుపు తీస్తే ఇస్త్రీ చొక్కాలో సుబ్బరాయుడు, పట్టుచీరలో పద్మావతమ్మ. ఇద్దరి మధ్యా పాప కన్నా పెద్ద బొమ్మ ఏనుగు.

"ఏం నాయనా, లుంగీతో ఉండావు? డాబా మీద ఎవరూ లేరు, పుట్టినరోజు ఈ పొద్దే కదా?"

"సార్... మీరు మెయిల్ చూశారా?"

"చూడకేం? ఏడు హెచ్చరికలు! ఇంత భారీ మెయిలు గ్రూపు పుట్టినాక రాలేదు. నేను, మా ఆమె రెండుసార్లు చదివినాం."

"మరి తర్వాత ఇంకోటి పెట్టానే, వాయిదా అని?"

"దానికి హెచ్చరిక ఉండాదా?"

"లేదు సార్."

"అట్లయితే ఎవరు చూస్తారప్పా! హెచ్చరిక లేకుండా వచ్చేవి మూడే. లిఫ్టు రిపేరు, మెయింటెనెన్సు, ఎవరిదో కారు అడ్డంగా ఉండాదని. అవి తెరిచి మూడు నెలలైంది. ఏమన్నా చదివే సంగతులుంటే ఆ పక్క డబ్బాలోనే ఉంటాయని చిన్న పిల్లోల్లకు కూడా తెలుసు."

కిరణ్ పాల్ ఇంకా ఆ మాట జీర్ణించుకోకముందే లిఫ్టు మళ్ళీ తెరుచుకుంది. రాజరాజేశ్వరి గారు, చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్.

"మాంసాహారం అని ముందే రాశావు కనక నా పులిహోర నేను తెచ్చుకున్నాను నాయనా. రాయకపోతే వచ్చి, చూసి, ఏం అనలేక వెనక్కి వెళ్ళేదాన్ని. పిలవడమంటే ఇలా పిలవాలి," అంటూ ఆశీర్వదించి లోపలికి నడిచారు.

ఆవిడ వెనకే లక్ష్మీనారాయణ గారు, చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న చెంచాతో.

"మిఠాయి ఎటు?"

"సార్, మిఠాయి వద్దనే కదా మీరు హెచ్చరిక పెట్టించారు?"

"హెచ్చరిక లేకపోతే ఎక్కడుందో ఎలా తెలుస్తుందయ్యా? మెల్లగా మాట్లాడు, మా ఆవిడ మెట్లెక్కుతోంది."

ఇక ఆగలేదు. ఇంటికి నలుగురు, ఇంటికి ఐదుగురు. 'పాట' అని చదివినవాళ్ళు కచేరీ అనుకుని చుట్టాలను తెచ్చారు. 'పెద్ద శబ్దం' అని చదివిన పిల్లలు టపాసులున్నాయని డాబా మీదికి పరిగెత్తారు. కిరణ్ పాల్ రాసిన హెచ్చరికల జాబితాని సిరివెన్నెల రెసిడెన్సీ యావత్తూ కార్యక్రమ పత్రంలా చదువుకుంది.

సోఫాలో జ్ఞానప్రకాశం గారు పేపరు చాటు నుంచి లెక్కపెడుతున్నారు. ఆరు ఇళ్ళు. తొమ్మిది. పదకొండో ఇల్లు వచ్చాక పేపరు మడిచారు. ఇరవై ఆరో ఇల్లు వచ్చాక సోఫా ఖాళీ చేసి నిలబడ్డారు.

బ్లెస్సీ ముఖం వెలిగిపోయింది. తర్వాత ఒక్కసారిగా ఆరిపోయింది. భర్త చెవిలో అంది. "ఏవండీ, ఇంట్లో ఆరు గుడ్లున్నాయి. మనుషులు నూట ఇరవై."

మామగారు విననే విన్నారు. "పది ఇళ్ళ వాళ్ళు రావాలన్నాను కిరణ్. వచ్చినవాళ్ళని పస్తు పంపించమనలేదు."

సరిగ్గా అప్పుడే కింద నుంచి డప్పు వినిపించింది.

ముందు సన్నగా. తర్వాత సెల్లార్‌లో. తర్వాత మెట్ల మీద. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. మెడలో కండువాలతో ముప్పై మంది, ముందు పెంటయ్య, వెనక ఇద్దరు డప్పులవాళ్ళు. వరండా నిండిపోయింది. ఇంట్లో నూట ఇరవై మంది మాటలు టక్కున ఆగాయి. జ్ఞానప్రకాశం గారి ముఖం తెల్లబడింది. "బ్లెస్సీ, పాపని తీసుకుని లోపలికి వెళ్ళు," అన్నారు పళ్ళ మధ్య నుంచి. సూట్‌కేసు వైపు చూశారు కూడా.

పెంటయ్య గడప ముందు నిలబడి చెమట తుడుచుకున్నాడు. "ఏంది తమ్మీ, స్టేజీ ఏడ?"

"స్టేజీ ఏంటన్నా?"

"నువ్వే రాస్తివి కదా. రాజకీయం, సమ్మె, పాట, పెద్ద శబ్దం. డాబా మీద మీటింగ్ పెట్టినవని చౌరస్తాల ఖాళీగ ఉన్నోల్లందర్నీ పట్కొచ్చిన. పెద్ద శబ్దానికి డప్పు గూడ తెచ్చిన."

"అన్నా, పాప పుట్టినరోజు. లోపల అంతా రాశాను."

"లోపల దినం, టైం, డాబా అని సూసి మూసిన. మిగిలింది ఎవలు సదువుతరు? హెడ్డింగుల్నే అంత సమజైతుంటే!" అని, బ్లెస్సీ చంకలోని పాపను చూశాడు. పాప డప్పును చూసి చేతులు చాచింది. పెంటయ్య ముఖం విచ్చుకుంది. "ఓయ్, బుజ్జమ్మ పుట్టిన దినమా? గిది గదా ముందుగాల చెప్పాల్సింది! మరి గిందరున్నరు, బువ్వ ఏది?"

కిరణ్ పాల్ దాచలేదు. వ్యాను సంగతి, వాయిదా సంగతి, ఆరు గుడ్ల సంగతి మొత్తం చెప్పేశాడు.

పెంటయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "అంటే నీ బిర్యానీని ఆపింది నా పొయ్యా? జర ఫికర్ చెయ్యకు. చౌరస్తాల ఐదువందల మందికి బగారన్నం ఉడుకుతున్నది. మటన్ ఉన్నది, ఆలుగడ్డ కూర ఉన్నది, పర్మాన్నం ఉన్నది. నడువుండ్రి అందరు!"

పర్మాన్నం అనగానే లక్ష్మీనారాయణ గారు మెట్ల దగ్గరున్నారు. సుబ్బరాయుడు మాత్రం కదల్లేదు. గొంతు సవరించుకున్నాడు.

"పెంటయ్యా, నేను కడపోణ్ణి. మీ వంటావార్పుకు నేనెట్లా వచ్చేది?"

"కడపోల్లకు ఆకలి గాదా ఏంది?"

వరండా ఘొల్లుమంది. సుబ్బరాయుడు కూడా నవ్వాడు. తర్వాత కొంచెం మెల్లగా అన్నాడు. "ఆ పొద్దు నీమీద అరిసినా కానీ, ఆ తర్వాత నువ్వు హెచ్చరిక రాసి పెట్టినవన్నీ చూసినా పెంటయ్యా. ముందే చెప్పినావు కాబట్టి గుండె గట్టి చేసుకుని చూసినా. ఒక్కటీ వదల్లేదు. ఆ మొదటి ఫొటోలో పిల్లోడికి కుట్లు మానినాయా?"

పెంటయ్య మెడలో కండువా సవరించుకున్నాడు. "మానినయ్. చౌరస్తాల గంటె తిప్పుతున్నది వాడే. వడ్డించేది గూడ వాడే," అని సుబ్బరాయుడి చేతిలోని ఏనుగును తన భుజానికెత్తుకున్నాడు. మూడు నెలల తర్వాత ఇద్దరూ ఒకే లిఫ్టులో దిగారు.

ఊరేగింపు బయలుదేరింది. ముందు డప్పులు, తర్వాత తాతయ్య చంకలో ప్రిస్కిల్లా, తర్వాత ఏనుగు, తర్వాత రాజరాజేశ్వరి గారి క్యారియర్, తర్వాత లుంగీ మార్చుకునే తీరిక దొరకని కిరణ్ పాల్. చౌరస్తాలో పెద్ద పెద్ద డేగిసాల నుంచి ఆవిరి లేస్తోంది. రోడ్డు మధ్యన జంపఖానాలు. బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుళ్ళు కూడా విస్తరాకులు కడుక్కుంటున్నారు.

"సార్, మీ పద్ధతిల ముందు ప్రార్థన ఉంటది కదా. చెయ్యుండ్రి. అందరం ఆగుతం," అన్నాడు పెంటయ్య.

డప్పులు ఆగాయి. జ్ఞానప్రకాశం గారు నడిరోడ్డు మీద చెప్పులు విడిచి నిలబడ్డారు. వండిన చేతుల కోసం, తినే నోళ్ళ కోసం, చేతిలోని పాప కోసం ప్రార్థించారు. చివర్న "ఆమెన్" అన్నారు. ఐదువందల మంది అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో "జై తెలంగాణ!" అన్నారు.

ఆయన ఉలిక్కిపడ్డారు. పాప కిలకిలా నవ్వింది. అది చూసి ఆయనా నవ్వేశారు. అల్లుడు ఆ నవ్వు చూడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

వడ్డించిన కుర్రాడి నుదుటి మీద మచ్చను చూసి పద్మావతమ్మ రెండుసార్లు అతని చేతే మారు వేయించుకుంది. జ్ఞానప్రకాశం, పెంటయ్య పక్కపక్కన కూర్చున్నారు.

"మీరేం చెప్పేటోల్లు సార్?"

"లెక్కలు. మీరు?"

"నేను గూడ లెక్కలే!"

అంతే. ఎసరు నీళ్ళతో మొదలుపెట్టి ఐదువందల మందికి బియ్యం ఎంత పడతాయనే దాని మీద ఆ ఇద్దరూ విస్తరాకు వెనక లెక్క వేస్తూ నాలుగింటి దాకా లేవలేదు.

సోమవారం పొద్దున బ్లెస్సీ సూట్‌కేసులోంచి బట్టలు తీసి బీరువాలో సర్దుతోంది. కిరణ్ పాల్ భయం భయంగా అడిగాడు. "మావయ్య గారూ, బండి టైమవుతోంది. మీరొక్కరే వెళ్తానన్నారుగా?"

"గురువారం నార్సింగిలో ఇంకో వంటావార్పు ఉందట. బియ్యం లెక్క నేనే చూస్తానని పెంటయ్యకి మాటిచ్చాను," అన్నారు జ్ఞానప్రకాశం గారు, పేపరు లోంచి తల ఎత్తకుండా.

ఆ ఉత్సాహంలో కిరణ్ పాల్ గ్రూపులో ఒక ప్రతిపాదన పెట్టాడు. అందరం కలిసి తిన్నాం కనక ఇక హెచ్చరికలు అవసరం లేదు, ఎత్తేద్దామని. హెచ్చరిక లేదు కాబట్టి ఎవరూ చదవలేదు. అదే ప్రతిపాదనని 'హెచ్చరిక: రాజకీయం' అని మళ్ళీ పెట్టాడు. అరగంటలో నలభై ఆరు జవాబులు. అన్నీ వద్దనే. రాజరాజేశ్వరి గారైతే 'అపశబ్దం' అని పన్నెండో హెచ్చరిక కూడా చేర్చమన్నారు.

బుధవారం వాటర్ ట్యాంకు కడిగించాలి. నలభై ఎనిమిది ఇళ్ళకీ కబురు చేరాలి. కిరణ్ పాల్ మంగళవారం సాయంత్రం బాగా ఆలోచించి, హెడ్డింగ్‌లో 'హెచ్చరిక: మాంసాహారం, పాట, మిఠాయి' అని రాసి, లోపల 'రేపు నీళ్ళు రావు, పట్టుకోండి' అని పంపాడు.

పది నిమిషాల్లో బ్లాకంతా బకెట్లు నింపుకుంది. లక్ష్మీనారాయణ గారు మాత్రం చెంచా పట్టుకుని వచ్చారు.